తేమ చెడని చాక్లెట్ కేకు: ప్రాజెక్టు డైరీ

పని, షరతు

ఒకే గిన్నెలో, బీటరు అవసరం లేకుండా, 8 అంగుళాల గుండ్రటి టిన్నులో ఒక చాక్లెట్ కేకు. మూడో రోజు కోసినా ముక్క పొడిపొడిగా రాలకూడదు. షరతు ఇదొక్కటే. ఓవెన్ నుంచి దించిన గంటలో ఏ కేకైనా మెత్తగానే ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోవడం దండగ. అందుకే ప్రతి బ్యాచ్‌నీ చల్లారాక ఒక ముక్క, మర్నాడు ఒక ముక్క, మూడో రోజు ఒక ముక్క కోసి చూడటమే ఇక్కడ పరీక్ష.

ముందు ఒక ఆధార బ్యాచ్. ఆ తర్వాత ఏ బ్యాచ్‌లోనైనా ఒక్క సరుకే మార్పు. ఒకేసారి రెండు మారిస్తే గుణం దేనిదో, దోషం దేనిదో తేలదు.

ఆధార కొలతలు ఇవి: మైదా 125 గ్రాములు, కోకో పొడి 40, పంచదార 190, వంట సోడా 4 (ముప్పావు టీస్పూను), బేకింగ్ పౌడర్ 2 (అర టీస్పూను), ఉప్పు 3, గుడ్డు ఒకటి (పెంకు తీసేస్తే 50 గ్రాములు), పుల్లటి చిక్కటి మజ్జిగ 120 గ్రాములు, వాసన లేని నూనె 60 గ్రాములు, వెనిల్లా ఒక టీస్పూను, మరిగిన నీళ్లు 120 గ్రాములు. మజ్జిగ లేకపోతే 90 గ్రాముల పెరుగులో 30 గ్రాముల నీళ్లు పోసి చిలికితే సరి. అంతా కలిపితే దాదాపు 720 గ్రాముల పిండి వస్తుంది. 2 అంగుళాల ఎత్తున్న 8 అంగుళాల టిన్నులో అది సగానికి కాస్త అటూఇటూగా నిలుస్తుంది. పొంగడానికి అంత చోటు ఉండాల్సిందే.

వెనిల్లా రకాల గురించి గంటలకొద్దీ వాదించుకునేవాళ్లున్నారు. ఇంత కోకో ఉన్న కేకులో దాని గొంతు వినపడదు. ఏదున్నా వాడొచ్చు.

తూకం

కప్పు లెక్క మొదట్లోనే పక్కనపెట్టాల్సి వచ్చింది. కప్పును మైదా డబ్బాలో ముంచి తీస్తే 150 గ్రాముల దాకా తూగుతుంది. అదే కప్పులోకి చెంచాతో వదులుగా వేసి పైన చదునుగా గీస్తే 120-125 దగ్గర ఆగుతుంది. ఇంత చిన్న కేకులో పాతిక గ్రాముల మైదా ఎక్కువైందంటే తేమంతా అదే పీల్చుకుంటుంది. కేకు ఎండిపోయిందంటే ఓవెన్‌ని తిట్టేముందు అనుమానించాల్సింది కప్పునే. కోకో సంగతి ఇంకా తేడా. అది బరువు తక్కువ, నీళ్లు లాగే గుణం మైదా కన్నా ఎక్కువ. 10 గ్రాములు ఎక్కువ పడితే రంగు ముదురుతుంది, రుచి చేదెక్కుతుంది, పిండి బిగుస్తుంది.

సోడా, బేకింగ్ పౌడర్ లాంటి 2, 4 గ్రాముల సరుకులను మామూలు వంటింటి త్రాసు సరిగా పట్టదు. వాటికి కొలత చెంచాలే నమ్మకం: నింపి, కత్తి వెనక వైపుతో చదునుగా గీయాలి.

డబ్బాలు తెరిచి చాలాకాలమైతే పరీక్ష చేయడం మంచిది. వేడి నీళ్లలో అర టీస్పూను బేకింగ్ పౌడర్ వేస్తే బుసబుసమని పొంగాలి. సోడాను వెనిగర్‌లో వేసి చూడాలి. నీరసంగా నాలుగు బుడగలొస్తే ఆ డబ్బాను కేకుకు వాడకూడదు.

కలిపే క్రమం

ఓవెన్‌ని 175 డిగ్రీల సెల్సియస్‌కి ముందే పెట్టి, కనీసం 15-20 నిమిషాలు కాగనివ్వాలి. టిన్ను అడుగున బటర్ పేపర్ గుండ్రంగా కత్తిరించి వేసి, పక్కలకు నూనె రాసి, పైన కోకో చల్లి దులపాలి. మైదా చల్లితే ముదురు కేకు అంచుల మీద తెల్లటి మరకలు మిగులుతాయి.

మైదా, కోకో, సోడా, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి జల్లించాలి. కోకో ఉండలు చిన్నవే, కానీ మొండివి. తడి తగిలాక పైన పొర కట్టుకుని లోపల పొడిగానే ఉండిపోతాయి. కాబట్టి జల్లెడ పని ఎగ్గొట్టడానికి వీల్లేదు. పంచదార ఇందులోనే వేసి విస్క్‌తో ఒక అరనిమిషం కలిపితే సోడా అంతటా సమానంగా పరుచుకుంటుంది. కలవని సోడా ఒకచోట ముద్దగా ఉంటే తినేటప్పుడు ఆ కొరుకులో సబ్బు రుచి తగులుతుంది.

ఇంకో గిన్నెలో గుడ్డు, మజ్జిగ, నూనె, వెనిల్లా గిలకొట్టాలి. ఒకే గిన్నె అన్న మాట కాపాడుకోవాలంటే పొడి సరుకుల నడుమ గుంట చేసి అందులోనే గిలకొట్టొచ్చు, పెద్ద తేడా లేదు. తడి, పొడి రెండూ కలిశాక పిండి చిక్కగా, నిగనిగలాడుతూ కనిపిస్తుంది. పొడి మచ్చలు పోగానే ఆపాలి. మైదాకు తడి తగిలాక ఎంత తిప్పితే అంత గ్లూటెన్ (మైదాలోని సాగే జిగురు) సాగుతుంది. అతిగా తిప్పిన బ్యాచ్‌ను కోస్తే లోపల నిలువుగా పొడవాటి బొరియలు కనిపిస్తాయి, ముక్క సాగుతున్నట్టుంటుంది.

చివరగా మరిగిన నీళ్లు. ఒకేసారి గుమ్మరించకుండా మూడు విడతలుగా, ఒక పక్క తిప్పుతూ సన్నటి ధారగా పోయాలి. నీళ్లన్నీ ఒకచోటే పడితే అక్కడి గుడ్డు ఉడికి తెల్లటి పీచులు తేలతాయి. నీళ్లు పట్టాక పిండి పల్చగా, గరిటె ఎత్తితే ధారగా జారిపోతుంది. కంగారుపడి మైదా కలిపేది ఇక్కడే. కలపకూడదు, ఈ కేకు పిండి ఉండాల్సింది అలాగే.

మజ్జిగ పులుపు తగిలిన క్షణం నుంచే సోడా గాలి విడవడం మొదలుపెడుతుంది. కలపడం అయ్యాక టిన్ను ఓవెన్‌లోకి వెళ్లడానికి ఐదు నిమిషాల కన్నా ఎక్కువ పట్టకూడదు. బేకింగ్ పౌడర్‌లో కొంత శక్తి వేడి తగిలాక విడుదలవుతుంది గనుక అది కాస్త ఆగుతుంది, సోడా ఆగదు.

నీళ్లు వేడిగానే ఎందుకు

ఆధార బ్యాచ్‌నే చల్లటి నీళ్లతో చేసి పక్కపక్కన పెడితే తేడా మొదట ముక్కుకు తెలుస్తుంది. వేడి నీళ్ల పిండి నుంచి చాక్లెట్ వాసన గుప్పున వస్తుంది, రెండోది ముభావంగా ఉంటుంది. కోకోలోని కొవ్వు వేడికి కరుగుతుంది, ఉండలు విడిపోతాయి, కోకోలోని పిండిపదార్థం ముందుగానే నీళ్లు పట్టి ఉబ్బడం మొదలుపెడుతుంది. కేకు కోసినప్పుడు చల్లనీళ్లది కాస్త లేతరంగులో, అక్కడక్కడా చుక్కలతో కనిపిస్తుంది.

నీళ్లకు బదులు వేడి బ్లాక్ కాఫీ పోసిన బ్యాచ్ రుచిలో అన్నిటికన్నా ముందుంది. 120 గ్రాముల నీళ్లలో ఒక టీస్పూను ఇన్‌స్టంట్ కాఫీ చాలు. కాఫీ రుచి విడిగా తెలియదు, చాక్లెట్ మాత్రం చిక్కబడుతుంది. అప్పటి నుంచి ఆధార బ్యాచ్‌లో నీళ్ల స్థానం కాఫీదే.

కోకో రకం

అంగట్లో రెండు రకాలుంటాయి. మామూలు కోకో పుల్లటిది, దాని పీహెచ్ (పులుపు-క్షార గుణాల కొలత, 7 కన్నా తక్కువైతే పులుపు) 5, 6 మధ్య. డచ్ పద్ధతి కోకోను క్షారంతో శుద్ధి చేస్తారు, అది 7-8 దగ్గరుంటుంది, రంగు ముదురు, రుచి నున్నన. ఈ పద్ధతి 19వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హౌటెన్ పేరుతో స్థిరపడింది, పేరులో డచ్ వచ్చింది అందుకే. ప్యాకెట్ మీద సరుకుల జాబితాలో పొటాషియం కార్బొనేట్ లాంటి క్షారం పేరు కనిపిస్తే అది డచ్ కోకో అన్నమాట.

సోడా పనిచేయాలంటే పులుపు కావాలి. ఈ వంటకంలో మజ్జిగ ఉంది కాబట్టి రెండు కోకోలూ పొంగాయి. కానీ డచ్ కోకోతో సోడా పూర్తిగా ఖర్చవక వెనకాల చిన్న సబ్బు రుచి మిగిలింది. మందు: సోడాను అర టీస్పూనుకు తగ్గించి, బేకింగ్ పౌడర్‌ను ముప్పావు టీస్పూనుకు పెంచడం. మజ్జిగ తీసేసి మామూలు పాలు పోసేవాళ్లు డచ్ కోకో వాడితే సోడాను పూర్తిగా మానేసి బేకింగ్ పౌడర్ మీదే ఆధారపడాలి.

డ్రింకింగ్ చాక్లెట్ పొడిని కోకోగా వాడటం మాత్రం కుదరదు. అందులో ఎక్కువ భాగం చక్కెరే.

చక్కెర తగ్గిస్తే

190 ఎక్కువగా ఉందనిపించడం సహజం. 140 గ్రాములకు దించిన బ్యాచ్ నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. నడుమ గుమ్మటంలా లేచి పైన పగిలింది, మర్నాటికి అంచులు గట్టిపడ్డాయి, మూడో రోజుకు రాలిపోయింది. తీపి మాత్రం ఫర్వాలేదు. చక్కెర ఈ కేకులో తీపికోసమే లేదు. అది నీళ్లను పట్టుకుని ఉంచుతుంది, గ్లూటెన్ బిగియకుండా అడ్డుపడుతుంది, పిండి ఎంత వేడి దగ్గర గడ్డకట్టాలో ఆ హద్దును పైకి జరుపుతుంది. చక్కెర తగ్గిందంటే కేకు త్వరగా గడ్డకట్టి, మిగతా సమయమంతా ఎండుతూ కూర్చుంటుంది.

170 దాకా తగ్గించినా మూడో రోజు పరీక్షలో నెగ్గింది. అంతకు కిందికి వద్దు. తీపి ఇంకా తగ్గాలనుకుంటే పైపూతలో తగ్గించుకోవడమే తెలివైన పని. 190లో 60 గ్రాములు బ్రౌన్ షుగర్‌గా మార్చిన బ్యాచ్ మరీ మెత్తగా, కాస్త జిగటగా వచ్చింది. దానిలోని మొలాసిస్ (చెరుకు మడ్డి) తేమను ఇంకా గట్టిగా పడుతుంది.

నూనెకు బదులు వెన్న

వెన్నలో కొవ్వు దాదాపు 80 శాతమే, మిగతాది ఎక్కువగా నీళ్లు. అందుకే 60 గ్రాముల నూనెకు సమానం 75 గ్రాముల కరిగించిన వెన్న, అటు కాఫీలో ఓ 12 గ్రాములు కోత. రుచి బాగుంది, అందులో సందేహం లేదు. కానీ గది వేడిలోనే ముక్క బిగువుగా తగిలింది, ఫ్రిజ్‌లో పెడితే ఇటుకే. వెన్న చల్లబడితే గడ్డకడుతుంది, నూనె ద్రవంగానే ఉంటుంది. నోటికి తేమగా అనిపించడంలో సగం వాటా ఈ నూనెదే. మెత్తదనం కావాలన్నప్పుడు వెన్న మీద మమకారం పక్కన పెట్టాలి.

కాల్చడం: అసలు పరీక్ష

సరుకుల్లో ఎన్ని మార్పులు చేసినా, ఓవెన్‌లో అదనంగా ఉంచిన ఐదారు నిమిషాలు వాటన్నిటినీ తుడిచిపెట్టేస్తాయి. ఈ డైరీలో బరువైన పేజీ ఇదే.

మొదట ఓవెన్ నిజం చెబుతోందో లేదో చూడాలి. మీట 175 మీద ఉన్నా లోపల 160 ఉండొచ్చు, 190 ఉండొచ్చు. చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి లోపల వేలాడదీస్తే గుట్టు తెలిసిపోతుంది. ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే 160 చాలు. నల్లటి టిన్ను వేడిని ఎక్కువగా పీలుస్తుంది, దానికి ఇంకో 10 డిగ్రీలు తగ్గించాలి. టిన్ను నడిమి అరలో, గోడలకు తగలకుండా ఉండాలి.

మొదటి 25 నిమిషాలు తలుపు తెరవకూడదు. అప్పటికి కేకు పొంగి ఉంటుంది గానీ లోపలి గోడలు ఇంకా గడ్డకట్టవు. చల్లగాలి తగిలితే నడుమ చతికిలబడుతుంది. 28వ నిమిషం నుంచి చూడటం మొదలుపెట్టాలి, 30 నుంచి 35 నిమిషాల మధ్య ఎప్పుడైనా అవ్వొచ్చు.

అయిందని గుర్తు పట్టడానికి మూడు ఆనవాళ్లు. నడుమ వేలితో తేలిగ్గా నొక్కి వదిలితే గుంట పైకి రావాలి. అంచు టిన్నును వెంట్రుకవాసి విడవాలి, బాగా ఎడం కనిపించిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. పుల్ల గుచ్చి తీస్తే దాని మీద రెండు మూడు తడి రేణువులు అంటుకోవాలి. జారే పిండి ఉంటే ఇంకా కావాలి. పుల్ల ఒట్టిగా, పొడిగా వచ్చేదాకా ఆగడం మాత్రం ఈ కేకు విషయంలో పొరపాటు. బయటికి తీశాక కూడా లోపలి వేడి కాసేపు పని చేస్తూనే ఉంటుంది.

లోపలి వేడి కొలిచే థర్మామీటర్ ఉంటే గొడవే లేదు. నడుమ 96 డిగ్రీలు చూపించగానే దించాలి. 96కి దించిన కేకునూ, 100 దగ్గరికి వెళ్లనిచ్చిన కేకునూ మర్నాడు పక్కపక్కన పెట్టి కోస్తే ఒకే వంటకమని ఎవరూ నమ్మరు. మొదటిది కత్తికి సన్నటి తడి పొర అంటిస్తుంది, రెండోది కత్తి వెంట నలుసులు రాలుస్తుంది.

త్రాసుతో ఇంకో తనిఖీ. టిన్నును పిండితో ఒకసారి, దించాక ఒకసారి తూస్తే కేకు ఎంత నీళ్లు వదిలిందో తెలుస్తుంది. పదోవంతుకు కాస్త అటూఇటూ పోతే సబబే. అంతకన్నా బాగా ఎక్కువ పోయిందంటే వేడైనా ఎక్కువ, సమయమైనా ఎక్కువ.

నడుమ గుమ్మటం లేవడానికి కారణం అంచులు ముందే గడ్డకట్టి, మధ్యలో పిండి ఇంకా పొంగుతూ ఉండటం. పాత కాటన్ తువ్వాలు నుంచి పట్టీ చించి, తడిపి, పిండేసి, టిన్ను చుట్టూ పిన్నుతో బిగిస్తే అంచుకు వేడి నెమ్మదిగా చేరుతుంది. పైభాగం చదునుగా వచ్చింది, అంచు గట్టిపడటం కూడా తగ్గింది. సమయం ఓ ఐదు నిమిషాలు ఎక్కువ పట్టింది.

ఓవెన్ లేకుండా చేయాలంటే మందపాటి లోతు గిన్నె, లోపల స్టాండు, బిగుతైన మూత. ప్రెషర్ కుక్కరైతే రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి, నీళ్లు పోయకూడదు. పది నిమిషాలు మధ్యస్థ మంట మీద కాగాక టిన్ను పెట్టి మంట బాగా తగ్గించాలి. 45 నిమిషాల దగ్గర చూడటం మొదలుపెట్టొచ్చు. పైభాగం జిగటగా ఉంటుంది, రంగు తిరగదు. లోపల మాత్రం బాగానే కాలుతుంది.

నడుమ కుంగినప్పుడు

కుంగడానికి కారణాలు నాలుగు, వాటిని విడదీయడం ఎలాగో కోస్తే తెలుస్తుంది. గుంట కింద తడి, బంక లాంటి పొర ఉంటే సరిగా కాలలేదు. లోపల బాగానే కాలి, రంధ్రాలు పెద్దపెద్దవిగా ఉండి, సబ్బు రుచి తగిలితే సోడా ఎక్కువైంది: పిండి ఎగబాకి, నిలబడలేక పడిపోయింది. కింద దట్టంగా, పైన తేలిగ్గా ఉంటే పిండి కలిపి చాలాసేపు బయట ఉంచారు. ఈ మూడూ కాకపోతే తలుపు తొందరగా తెరిచారు.

చల్లార్చడం, దాచడం

దించాక 10-15 నిమిషాలు టిన్నులోనే వదిలి, తర్వాత అంచు వెంట కత్తి తిప్పి జాలీ మీద బోర్లించాలి. టిన్నులోనే చల్లారనిస్తే అడుగున ఆవిరి చేరి నాని పోతుంది. జాలీ మీద పూర్తిగా చల్లారేదాకా తెరిచి పెడితే మరోవైపు ఎండిపోతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడే ప్లాస్టిక్ ర్యాప్‌లో బిగుతుగా చుట్టేసిన బ్యాచ్ మర్నాడు అన్నిటికన్నా మెత్తగా ఉంది. రాత్రంతా లోపలి తేమ అంచుల్లోకి పాకుతుంది, చాక్లెట్ రుచి కూడా కుదురుకుంటుంది. తినేది రేపయితే ఇవాళే కాల్చుకోవాలి.

ఉత్త కేకును ఫ్రిజ్‌లో పెట్టకూడదు. గడ్డకట్టే స్థాయికి కాస్త పైనుండే చల్లదనంలోనే పిండిపదార్థం అన్నిటికన్నా వేగంగా బిరుసెక్కుతుంది. మూత బిగుతున్న డబ్బాలో బయట రెండు మూడు రోజులు ఉంటుంది. ఎక్కువ రోజులకైతే ముక్కలుగా కోసి, చుట్టి, ఫ్రీజర్‌లో పెట్టాలి. బయటికి తీశాక చుట్టు విప్పకుండానే గది వేడికి రానివ్వాలి.

అప్పటికే కొంచెం ఎండిన కేకు ఉంటే నీళ్లు, చక్కెర సమానంగా కరిగించిన పాకం బ్రష్‌తో 3-4 టేబుల్‌స్పూన్లు అద్దొచ్చు. అది మరమ్మతు మాత్రమే, కాల్చడంలో జరిగిన అన్యాయాన్ని పూర్తిగా పూడ్చదు.

గుడ్డు లేని బ్యాచ్

గుడ్డు తీసేసి 60 గ్రాముల పెరుగు, అదనంగా పావు టీస్పూను బేకింగ్ పౌడర్. పిండి కాస్త చిక్కగా కనిపిస్తుంది, పొంగు తగ్గుతుంది, రుచిలో లోటు లేదు. గుడ్డు ఇచ్చే బిగువు లేదు కనుక వేడిగా ఉన్నప్పుడు ముట్టుకుంటే విరుగుతుంది. టిన్నులో 20 నిమిషాలు ఆగి బోర్లించాలి, పూర్తిగా చల్లారాకే కోయాలి.

పైపూత, టిన్ను కొలతలు

50-55 శాతం కోకో ఉన్న చాక్లెట్ 100 గ్రాములు సన్నగా తరిగి, అంచుల్లో బుడగలొచ్చేదాకా కాగిన క్రీమ్ 100 గ్రాములు దాని మీద పోసి, రెండు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. తర్వాత నడుమ నుంచి మొదలుపెట్టి చిన్న చిన్న సుళ్లుగా తిప్పితే నున్నటి గనాష్ తయారవుతుంది. వెచ్చగా పోస్తే అద్దంలా జారుతుంది, గంట ఆగితే కత్తితో పులమొచ్చు. నూనె విడిపోయి గరుకుగా కనిపిస్తే గోరువెచ్చటి పాలు ఒక్కో టీస్పూను వేస్తూ తిప్పితే మళ్లీ కలుస్తుంది. 70 శాతం చాక్లెట్‌తో ఈ ఇబ్బంది ఎక్కువ, దానికి క్రీమ్‌ను 120 దాకా పెంచాలి. గనాష్ పూసిన కేకు ఫ్రిజ్‌లోకి వెళ్లక తప్పకపోతే తినడానికి గంట ముందు తీసి బయట పెట్టాలి. నూనె కేకు కాబట్టి ఆ గంటలో మళ్లీ మెత్తబడుతుంది.

టిన్ను మారిస్తే వైశాల్యం లెక్కన సరుకులు మార్చాలి. 8 అంగుళాల గుండ్రానికి సుమారు 50 చదరపు అంగుళాలు, 6 అంగుళాల దానికి 28, 9 అంగుళాల దానికి 64. 8 అంగుళాల చతురస్రానికీ 64 కాబట్టి అది 9 అంగుళాల గుండ్రానికి సరిజోడి. అంటే 6 అంగుళాలకు సరుకులన్నీ 0.56తో, 9కి 1.27తో గుణించాలి. గుడ్డును భాగించాల్సి వస్తే గిలకొట్టి తూచుకోవాలి: 6 అంగుళాలకు 28 గ్రాములు, 9కి 64. పిండి ఎత్తు అంతే ఉంటుంది కనుక సమయం పెద్దగా మారదు. 6 అంగుళాల దాన్ని మాత్రం 25వ నిమిషం నుంచే గమనించాలి.